జాగ్రత్త మీది, ఆదాయం మాది

ఆన్‌లైన్లో చీర కొనబోయి మోసపోయిన మనిషికి మన దేశంలో సలహాలకు లోటుండదు. బంధువులు "ఆ మాత్రం తెలీదా?" అంటారు. బ్యాంకువాళ్లు "ఓటీపీ మీరే చెప్పారు కదండీ" అంటారు. సర్కారువారు మరీ దయామయులు. ఆస్పత్రిలో ఉన్నవాళ్లకి కంగారుగా ఫోన్ కలిపినా, ముందు అమితాబ్ బచ్చన్ గొంతుతో సైబర్ నేరాల పాఠం వినిపించి, ఆ తర్వాతే అవతల రింగ్ మోగనిచ్చిన రోజులున్నాయి. అందరి పాటకీ పల్లవి ఒక్కటే: అప్రమత్తంగా ఉండండి.

ఉందాం. కానీ ఆ చీర ప్రకటన మన ఫోన్లోకి గోడ దూకి రాలేదు, టిక్కెట్టు కొనుక్కుని వచ్చింది. 'పోచంపల్లి పట్టు, 599కే, ఈ రాత్రి వరకే' అన్న బొమ్మను మనకు చూపించడానికి సోషల్ మీడియా కంపెనీ కేటుగాడి దగ్గర డబ్బు పుచ్చుకుంది. మగ్గం మీద రోజుల తరబడి కూర్చుంటేగాని దిగని చీర ఆ ధరకెలా వస్తుందని కొనేవాళ్లు అనుమానించాలట. పొద్దున చెప్పుల గురించి వెతికితే సాయంత్రానికి చెప్పుల ప్రకటనలు గుమ్మరించే మహాయంత్రానికి మాత్రం ఆ అనుమానం రానక్కర్లేదట.

సైటు అడ్రసు పక్కన తాళం గుర్తు ఉందో లేదో చూసుకోమని ఇంకొక హితబోధ. ఆ తాళానికి అర్థం, మీకూ ఆ సైటుకీ మధ్య నడిచే సమాచారం మూడోవాడి కంటపడదని మాత్రమే. తాళం గట్టిదే. దొంగ లోపల ఉన్నాడు.

అసలు కథ వస్తువు పాడై వచ్చినప్పుడు మొదలవుతుంది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీ ఒక ఫిర్యాదుల అధికారిని పెట్టాలి, ఆయన పేరూ నంబరూ సైటులో కనబడాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అధికారి ఉంటాడు. పేజీ అట్టడుగున, చీమలు చదువుకునే అక్షరాల్లో ఉంటాడు. పైన మనతో మాట్లాడేది చాట్‌బాట్. మిక్సీ జార్ పగిలిందని టైప్ చేస్తే, "మీ ఆనందమే మా ఆనందం, మీ ఆర్డరు డెలివరీ అయింది" అంటుంది. విసిగిపోయిన మనిషి కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్లో వెతుకుతాడు. ఆ ఖాళీని కనిపెట్టి అక్కడ తన నంబరు పెట్టుకుని కూర్చున్నవాడే కేటుగాడు. మొదటి రింగుకే ఎత్తుతాడు. "అమ్మా, చెప్పండమ్మా" అంటాడు, అదీ తెలుగులో. ఒకటి నొక్కు, తొమ్మిది నొక్కు అనడు, పాట వినిపించడు. ఈ దేశంలో కొనుగోలుదారుడి గోడు ఓపిగ్గా వినే కస్టమర్ కేర్ దొంగలది ఒక్కటే. అంత మర్యాదస్తుడు రిఫండ్ కోసం ఫోన్లో ఒక యాప్ (ఏపీకే ఫైలు) వేసుకోమంటే, యూపీఐ పిన్ కొట్టమంటే కాదనడం కష్టమే. పిన్ అనేది డబ్బు పంపడానికే తప్ప తీసుకోవడానికి కాదు. ఆ సంగతి అసలు కంపెనీ చెప్పాలంటే ముందు అది ఫోన్ ఎత్తాలి కదా.

మరి మనకింత తొందర, ఇంత నమ్మకం నేర్పిందెవరు? పేరున్న దుకాణాలే. 'ఇంకా రెండే మిగిలాయి' అంటారు, నెల తర్వాతా రెండే ఉంటాయి. గడియారం టకటకా వెనక్కి నడుస్తుంది, పేజీ మళ్లీ తెరిస్తే మొదటినుంచి నడుస్తుంది. అడగని బీమా బిల్లులో దూరుతుంది. వద్దంటే 'నాకు ఆదా చేయడం ఇష్టం లేదు' అన్న బటన్ నొక్కి మనల్ని మనమే తిట్టుకోవాలి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇలాంటి 13 మాయలకు డార్క్ పాటర్న్స్ అని పేరుపెట్టి నిషేధించింది. 2025 జూన్‌లో, మూడు నెలల్లో ఎవరిని వారే తనిఖీ చేసుకోండని కంపెనీలకు సూచించింది. పరీక్ష రాసినవాడికే ఎర్ర పెన్ను ఇచ్చినట్టు. 26 కంపెనీలు తమ సైట్లలో అలాంటివేవీ లేవని ప్రకటించాయి. ఫలితాలు నూటికి నూరు శాతం!

బ్యాంకుల సంగతి ఒక్క ముక్కలో. వేలిముద్ర అరిగిన ముసలమ్మ తన పింఛను తాను తీసుకోవడానికి నానా పాట్లు పడాలి. దొంగ సొమ్ము దాటించే మ్యూల్ ఖాతాకు మాత్రం ఆధార్, పాన్, ఫొటో అన్నీ చక్కగా కుదురుతాయి. ఓటీపీ వంటివి చెప్పి పోగొట్టుకున్నది బ్యాంకుకు తెలియజేసేదాకా మన నష్టమేనని 2017 జులైలో వచ్చిన రిజర్వు బ్యాంకు సర్క్యులర్ తేల్చింది. దొంగకు ఖాతా తెరిచిన బ్యాంకు చేసింది నిర్లక్ష్యం కాదు, కస్టమర్ సేవ. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 7 నుంచి లెక్క మారింది. దేశంలోని ఖాతాకు మోసపోయి తన చేత్తో తానే పంపిన డబ్బు కూడా, మరీ ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప, 85,000 పౌండ్ల వరకూ తిరిగి ఇవ్వాలి. పంపిన బ్యాంకు సగం, అందుకున్న బ్యాంకు సగం. జేబుకు చిల్లు పడితే ఏ బ్యాంకుకైనా చూపు మెరుగవుతుంది.

మన దగ్గర అలాంటి నిబంధన వచ్చేదాకా, డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇంట్లో చివాట్లు తర్వాత తినొచ్చు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకొకదానికి దాటేలోపే ఆపగలిగితే ఆపుతారు. సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు రాసేటప్పుడు దొంగ ఖాతా వివరాలతో ఆగకండి. ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ జతచేసి, దాన్ని మీకు చూపించిన కంపెనీ పేరు కూడా రాయండి.