ప్రాక్సీ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: పోటీ సాగుచుండగా చెడిన కార్డునకు బదులు కార్డును ప్రధాన న్యాయనిర్ణేతయే సృజింపవలెను, ఆటగాడు సృజింపరాదు.

అవతారిక: మూలంలో లేనిదేదీ రాయనన్న మెదక్ సీమ మల్లినాథసూరి కావ్యాలకు వ్యాఖ్య చెప్పాడు. ఈ టీకకు దక్కింది కావ్యం కాదు, మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటకు సంబంధించిన పోటీ నిబంధన. రిచర్డ్ గార్ఫీల్డ్ కల్పించిన ఆ ఆటను అమెరికాలోని విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీ 1993లో విడుదల చేసింది. మూలం విషయంలో కంపెనీదీ సూరిగారి పట్టుదలే: అసలు కార్డు లేనిదే ప్రాక్సీ, అంటే బదులు కార్డు, లేదు.

టీక: 'చెడిన' అనగా ఆ పోటీలోనే, పొరపాటున చెడిన అని. కలుపుతుండగా ఒక కార్డు మూల మడత పడితే, బోర్లా ఉన్నా అదేదో ఆటగాడు పోల్చేస్తాడు. అలా గుర్తు పడ్డ కార్డును డెక్‌లో, అంటే ఆటగాడి కార్డుల కట్టలో, ఉండనివ్వరు. కావాలని వంచినా, అజాగ్రత్తతో పాడుచేసినా ప్రాక్సీ దక్కదు. మామూలు ముద్రణ లేకుండా ఫాయిల్‌గా మాత్రమే దొరికే కార్డులకు వెసులుబాటు ఉంది. ఆ తళుకు కార్డులు వంకర తిరుగుతాయి, వంకరే గుర్తైపోతుంది.

'ప్రధాన న్యాయనిర్ణేతయే' అనగా హెడ్ జడ్జి. ఆటగాడి దస్తూరి ముత్యాలకోవే అయినా చెల్లదు. జడ్జి రాసిచ్చినదైనా ఆ పోటీ ముగిసేదాకానే.

విశేషం: అసలు కార్డును పక్కనే ఉంచుకోవాలి. ప్రాక్సీ అందరికీ కనబడేలా బల్ల మీదికి రాగానే దాన్ని తీసి అసలుదాన్ని పెట్టాలి. గుడిలో మూలవిరాట్టు గర్భగుడి దాటడు, ఉత్సవమూర్తి ఊరేగుతాడు. ఇక్కడ తిరగేశారు: ఉత్సవమూర్తి డెక్‌లో దాక్కుంటాడు, ఊరేగింపు మూలవిరాట్టుకు.

తాత్పర్యం: కార్డు కలవాడికే ప్రాక్సీ కలదు.

పూర్వపక్షం: మరి లేనివాడో? 1993 నాటి బ్లాక్ లోటస్ అనే కార్డునే తీసుకోండి. ఆడటానికి ఖర్చు సున్నా. బలి ఇస్తే ఒకే రంగు మానా (కార్డులు ఆడటానికి ఖర్చుపెట్టే శక్తి) మూడు చేతికొస్తుంది. ఇంత బలమైన కార్డు కనుకే, పాత కార్డులు చెల్లే వింటేజ్ ఫార్మాట్‌లో డెక్‌కు ఒక్కటే అన్నారు. ఆ ఒక్కటి దొరికేదెలా? ఎప్పటికీ మళ్లీ అచ్చు వేయబోమంటూ కంపెనీ 1996లో ప్రకటించిన పాత కార్డుల జాబితాలో ఇదీ ఉంది. 2021 జనవరిలో ఈబే వేలంలో ఒక బ్లాక్ లోటస్ 5,11,100 డాలర్లు పలికింది. తెలివిని కొలవాల్సిన పోటీ గుమ్మంలోనే జేబు తడుముతోందని పూర్వపక్షి ఆక్షేపణ. పస ఉన్న ఆక్షేపణే.

సమాధానం: కంపెనీ ముద్ర అక్కర్లేని పోటీలకు వెళ్లవచ్చు. అమెరికాలో అలాంటి వింటేజ్ పోటీలు పెట్టేవాళ్లు డెక్‌కు పది, పదిహేను ప్రాక్సీలదాకా ఒప్పుకున్న సందర్భాలున్నాయి. సొంతంగా ఆడి చూసుకోవడానికి, అమ్మకానికి కాకుండా, రాసుకున్న కార్డుల జోలికి తామూ రాబోమని కంపెనీ 2016లో తేల్చింది. దుకాణంలో కూర్చుని ఆడుకున్నా సరేనంది. దాని కోపమంతా నకిలీల మీద. అది న్యాయమే. మామూలు కార్డు మీద మార్కర్‌తో 'బ్లాక్ లోటస్' అని గీకితే ఎవడూ మోసపోడు. అచ్చం అసలుదానిలా ముద్రించి అమ్మితే కొన్నవాడు నిండా మునుగుతాడు.

శేషం: 2022లో ఆట ముప్పయ్యో ఏటి వేడుకంటూ కంపెనీ తొలినాటి కార్డులను తానే కొత్తగా అచ్చు వేసి అమ్మింది. పదిహేనేసి కార్డుల ప్యాకెట్లు నాలుగు, వెల 999 డాలర్లు. అందులో బ్లాక్ లోటస్ రావచ్చు, రాకపోనూ వచ్చు. కార్డు వెనుకభాగం వేరుగా ఉంటుంది కనుక జాబితా మాట తప్పలేదట. ఆటగాడి ప్రాక్సీకి ఒక మార్కర్ చాలు, దీనికి వెయ్యికి ఒక డాలరు తక్కువ. అధికారిక పోటీల్లో రెండూ చెల్లవు.