డబ్బు నువ్వు కడితే బిడ్డ నేర్చుకునేదేంది?

మా మనవడికి ఏడేళ్లు. బడిలో స్కౌట్ల చిన్నపిల్లోళ్ల దళం, అంటే కబ్ దళంలో ఉన్నాడు. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950లో ఏర్పడిన రోజని ఏటా నవంబరు 7న పిల్లోళ్లు జెండా స్టిక్కర్లు అమ్మి నిధి పోగుచేస్తారు. మొన్న వాడు పన్నెండు స్టిక్కర్లు తెచ్చినాడో లేదో, వాళ్ల నాయన ఫోను తీసి మొత్తం డబ్బు కట్టేసినాడు. స్టిక్కర్లు సంచి అడుగున నలిగిపోయినాయి. బడివాళ్లకూ డబ్బు ముడితే చాలు, ఎవరు అమ్మినారని అడిగే పనే లేదు.

మా రోజుల్లో ఇట్లా జరగనిచ్చేవాళ్లు కాదు. అక్టోబరు 2 దాటితే టీబీ సీళ్లు వచ్చేవి, తపాలా బిళ్లల మాదిరివి. మా అయ్యవారు ముందు క్షయ అంటే ఏందో చెప్పేవారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915 నుంచి రోగులకు వైద్యం చేస్తున్న సంగతి చెప్పేవారు. అదంతా మళ్లీ మాతో చెప్పించేవారు. డబ్బు దేనికో చెప్పలేనోనికి సీలు ఇచ్చేవారు కాదు. అయిదో తరగతి పిల్లోనికి ఇద్దరు చిన్నోళ్లను జత చేసేవారు. పెద్దోడు వాకిట్లో నిలబడాలి. అడిగేదీ, చిల్లర లెక్కపెట్టేదీ చిన్నోళ్లే.

చాపాడులో కేసీ కాలువ కింద వరికోతల కాలమది. కళ్లంలో ఉన్న రైతు దగ్గర చిల్లర యాడుంటుంది? ఒక పెద్దాయన నా నిక్కరు జేబుల నిండా వడ్లు పోసినాడు. అంగట్లో వేసి పైసలు తెచ్చి, సీలు ఆయన చేతికే ఇచ్చొచ్చినా. డిసెంబరు 7న సైనికుల జెండాలూ అట్లాగే అమ్మినాం. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం ఏ దళానివో అడిగినోళ్లందరికీ చెప్పినాం.

ఇప్పుడు మైదుకూరు రోడ్డు మీద బండ్ల జోరు చూస్తే పసిపిల్లోళ్లను ఒంటరిగా పంపమని నేను అనను. వెంట పోండి. రెండడుగులు వెనక నిలబడండి. మాట మాత్రం బిడ్డనే మాట్లాడనీయండి.

వాళ్ల నాయన డబ్బు కట్టిన మరుసటి రోజు, ఆ స్టిక్కర్లతోనే మనవణ్ని నేను తీసకపోయినా. దోసెల అంగడి అవ్వ "దేనికి నాయనా?" అనింది. వాడు నా మొగం చూసినాడు. నేను పెనం దిక్కు చూస్తా నిలబడినా. కొంచేపు గొంతు పెగల్లేదు. తర్వాత మెల్లగా చెప్పినాడు. అవ్వ పది రూపాయలిచ్చి, "స్టిక్కరు నాకెందుకులే, నువ్వే పెట్టుకో" అనింది. "ఊరికే వద్దవ్వా, తీసుకో" అని ఆమె డబ్బుల డబ్బాకు వాడే అంటించినాడు. పక్క అంగడికి నాకంటే ముందు నడిచినాడు.

ఆ పొద్దు అయిదు అమ్మినాడు. ఇంటికొచ్చి ఆ దుడ్లు వాళ్ల నాయన చేతిలో పెట్టి, "ఇంకా ఏడున్నాయి నాయనా, రేపు అమ్మి నీ బాకీ తీరుస్తా" అన్నాడు.