మేం గిర్నోళ్ళం

మా పాలమూరు దిక్కు మనిషికి ఇంటిపేర్లు మూడుంటాయి. ఆధార్ కార్డులో ఉండేది ఒకటి, పెండ్లి సంబంధాల కాడ గోత్రంతో కలిపి చెప్పుకునేది ఒకటి, ఊళ్ళో నలుగురూ పిలిచేది ఒకటి. మొదటి రెండూ నిజానికి ఒకటే కావాలి. కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లగాడి దయ ఉంటే అవుతాయి కూడా. మూడోదానికి మాత్రం ఎవరి దయా అక్కర్లేదు. అడగకుండానే వస్తుంది, పొమ్మన్నా పోదు.

మా తాత ఊళ్ళోకి మొట్టమొదట పిండిగిర్నీ తెచ్చినాయన. చుట్టుపక్కల తండాల నుంచి కూడా జొన్నలు మూటగట్టుకొని వచ్చేవాళ్ళట. అంతే, మేం గిర్నోళ్ళమైపోయాం. ఆ గిర్నీ బెల్టు తెగి, ఇంజను పాతసామాన్లోడి తక్కెడకెక్కి, ఆ కొట్టంలో ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం నడుస్తోంది. మేం మాత్రం ఇంకా గిర్నోళ్ళమే. మొన్నామధ్య పార్శిల్ తెచ్చిన పిల్లగాడు మా కాగితం ఇంటిపేరు పట్టుకుని ఊరంతా తిరిగాడు. రచ్చకట్ట మీద కూర్చున్న మా పెదనాయనను అడిగితే, ఆయన ఆ పేరును రెండుసార్లు పలికించుకుని, "ఆ పేరుగలోళ్ళు మా ఊళ్ళె లేరు బిడ్డా, పక్కూర్ల అడుగు" అన్నాడు. ఆ పేరు ఆయనది కూడా.

జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడికి ఈ సంగతి చెబితే పడీపడీ నవ్వి, "ఈడ ఉల్టా మామా, ఇంటిపేరు లేకుంటే ఉత్తరమే రాదు" అన్నాడు. అక్కడ అపార్టుమెంట్లలో చాలావాటికి ఫ్లాటు నంబర్లు ఉండవట. కింద తలుపు పక్కన బెల్లుల వరస, ఒక్కో బెల్లుకూ ఒక్కో ఇంటిపేరు. ఆ పేరు చూసే పోస్టుమ్యాన్ డబ్బాలో ఉత్తరం వేస్తాడు. మావాడి ఇంటిపేరు 'పల్లి' దాకా ఆ పట్టీలో పట్టక నడుమనే ఆగిపోయింది. "మా బిల్డింగుల ఇద్దరు ముల్లర్లున్నరు. మా మేనేజరూ ముల్లరే. వీళ్ళంత పాలోళ్ళా ఏంది మామా?" అని వాడి అనుమానం.

పాలోళ్ళు కారు. ముల్లర్ అంటే జర్మన్‌లో పిండిమర నడిపేవాడు. అంటే గిర్నోడు! జర్మనీలో అన్నింటికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు అదే. ఈ ముక్క తెలిసిన రోజు నేను కాసేపు నేలమీద నడవలేదు. ఐరోపా ఖండంలో అంత పెద్ద దేశాన్ని సంఖ్యాబలంతో ఏలుతున్నది గిర్నోళ్ళు!

ఎందుకు ఎక్కువంటే కారణం సులువే. మధ్యయుగాల్లో అక్కడ పట్నాలు పెరిగి, ఒకే వాడలో ముగ్గురు హాన్సులు, నలుగురు పీటర్లు తేలేసరికి, ఎవరు ఏ హాన్సో చెప్పడానికి చేసే పనిని పేరుకు తగిలించారు. ఊరికో మర తప్పనిసరి. చాలాచోట్ల దొరగారి మరలోనే పట్టించాలని కట్టడి కూడా ఉండేది. అందుకే ఊరూరా ఒక ముల్లర్ తయారయ్యాడు. ఆ కాలంలో ముల్లర్లకు పిండి కాజేస్తారన్న చెడ్డపేరు కూడా ఉండేదట. ఇది వింటే మా తాత ఆత్మ శాంతించేది. 'తరుగు' అనే మాట మీద ఆయన ఊళ్ళో సగం మందితో జీవితమంతా పంచాయితీ పెట్టుకున్నాడు.

జర్మనీలో పైవరసలో ఉన్న ఇంటిపేర్లు మావాడితో చదివించుకుని, అర్థాలు చెప్పించుకున్నాను. ష్మిట్ అంటే కమ్మరి. ష్నైడర్ బట్టలు కుట్టే మేరాయన. ఫిషర్ బెస్తాయన. వేబర్ మగ్గం నేసేవాడు, గద్వాల చీరల పుణ్యమా అని మాకు కొత్తేమీ కాదు. వాగ్నర్ బండ్లు చేసే వడ్లాయన. షుల్జ్ ఊరి పెద్ద, బాకీలు శిస్తులు వసూలు చేసేవాడు, అంటే అచ్చంగా మన మాలీ పటేల్. ఇంతమందిని ఒక్కచోట నిలబెడితే ఏ వనపర్తి పక్క పల్లెలోనో బొడ్రాయి పండుగకు జమైన జనంలా ఉంటారు. ఒక్క బెకర్‌కే ఇక్కడ చోటు లేదు. బెకర్ అంటే రొట్టెలు కాల్చి అమ్మేవాడు. మా దిక్కు జొన్నరొట్టె ఎవరింట్లో వాళ్ళు కొట్టుకోవాల్సిందే. కొని తిన్నారంటే ఇంట్లో ఆడవాళ్ళు అలిగారని ఊరంతా అనుకుంటుంది.

అయితే ఒక్క తేడా ఉంది, అది నవ్వులాటకు లొంగదు. అక్కడ ష్మిట్ డాక్టరైతే వట్టి డాక్టర్ ష్మిట్. నీ కొలిమి ఎక్కడని ఎవరూ అడగరు. ఫిషర్ వల వేసి ఎన్ని తరాలయిందో ఫిషర్‌కే తెలియదు. మా దగ్గర బడి రిజిస్టర్లో ఇంటిపేరు రాయాల్సిన చోట కులం పేరు రాసేసిన పంతుళ్ళు మస్తుమంది. కమ్మరి, వడ్ల, బోయ, కురువ అని ముందు తగిలించిన ఆ మాట పిల్లవాడితో పాటు పదో తరగతి మెమో ఎక్కుతుంది, డిగ్రీ పట్టా ఎక్కుతుంది, ఆఫీసు తలుపు మీద బోర్డు కూడా ఎక్కుతుంది. ఆ బోర్డు చదివాక లోపలికి వచ్చేవాడి నమస్కారం ఎత్తు మారుతుంది. బస్సులో పక్క సీటాయన "సారుది ఇంటిపేరేంది?" అని అడిగితే, ఆయనకు కావలసింది ఇంటిపేరు కాదని ఇద్దరికీ తెలుసు. నేను "గిర్నోళ్ళం" అంటాను. ఆయనకు ఏమీ అంతుబట్టక నాగర్‌కర్నూల్ దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాడు.

జర్మన్ గిర్నోళ్ళలో మనకు బాగా తెలిసినవాడు మాక్స్ ముల్లర్. ఋగ్వేదాన్ని సాయణభాష్యంతో అచ్చేయించిన పండితుడు, మొదటి సంపుటం 1849లో వచ్చింది. ముల్లర్లు మరీ ఎక్కువైపోయారని తన పేరులోని మాక్స్‌ను కూడా ఇంటిపేరులో కలిపేసుకున్నాడు. ఇంటిపేరుకే ఇంటిపేరు పెట్టుకోవాల్సి వచ్చిందన్నమాట. సంస్కృతంలో ఆయన 'మోక్షమూలర భట్టు' అయ్యాడు. పిండిమర ఎక్కడ, మోక్షానికి మూలం ఎక్కడ! మా తాతకు అలాంటి పండితుడొక్కడు దొరికి ఉంటే మేం ఈపాటికి ఏ పీఠానికో అధిపతులం.

పని తరువాత ఇంటిపేరుకు పెద్ద దిక్కు ఊరు. దీనికో సూత్రం ఉంది. ఊరి పేరు ఇంటిపేరయిందంటే, ఆ ఇంటివాళ్ళు ఆ ఊరు విడిచిపెట్టారని అర్థం. గద్వాలలో ఉన్నవాణ్ణి గద్వాల అని ఎవరు పిలుస్తారు? అందరూ గద్వాలోళ్ళే గదా! 2021లో గద్వాల విజయలక్ష్మి మేయరయింది హైదరాబాదుకు. కల్వకుర్తి దిక్కు పడకల్లులో పుట్టి, 1952లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన రామకృష్ణారావుగారి ఇంటిపేరు అసలు పుల్లంరాజు. బూర్గుల అనేది వాళ్ళ ఊరు. పుల్లంరాజును ఊరు మింగేసింది. ఈ సూత్రం ఆడవాళ్ళ విషయంలో పెండ్లయిన మర్నాటి నుంచే అమలవుతుంది. మా వాడకట్టులో కోడండ్లకు సొంత పేర్లతో పనిలేదు. 'వనపర్తామె', 'కొల్లాపురామె' అంటే చాలు. అత్తగారిల్లు కాగితం మీద ఇంటిపేరు మారుస్తుంది, వాడకట్టు తల్లిగారి ఊరిని నెత్తిన పెడుతుంది. నాగర్‌కర్నూల్ దగ్గరి బిజినేపల్లిలో పుట్టిన కథారచయిత్రి యశోదారెడ్డిగారికి 'పాకాల' వచ్చింది భర్త, చిత్రకారుడు పి.టి. రెడ్డిగారి వైపు నుంచే.

రాజులకైనా ఈ బాధ తప్పలేదు. కవులకు పండితులకు సత్కారాలు చేసి చేసి 'విద్వద్గద్వాల' అనిపించుకున్న సంస్థానం మాది. తిరుపతి వేంకట కవులంతటివాళ్ళు వచ్చి అవధానాలు చేసి వెళ్ళారు. అన్నట్టు వాళ్ళిద్దరూ దివాకర్ల, చెళ్ళపిళ్ళ అనే ఇంటిపేర్లను గుమ్మం బయట విప్పి జంటకవులైనవాళ్ళే. ఇంతకీ అంత దానం చేసిన గద్వాల ప్రభువుల ఇంటిపేరు ఏమిటంటే, ముష్టిపల్లి! పల్లె పేరు ఇంటిపేరైందంతే, తప్పు ఎవరిదీ కాదు. కానీ నిండు సభలో శాలువా కోసం వచ్చిన కవి ముష్టిపల్లి వంశాన్ని పొగడటానికి గొంతు సవరించుకున్నప్పుడు, ఆ మాట ఎవరికి వర్తిస్తుందో వెనక వరసల్లో గుసగుసలు పోయే ఉంటాయని నా నమ్మకం. వనపర్తి రాజులు జనుంపల్లివారు. జనుమంటే రైతులు పచ్చిరొట్టకు వేసే పంట. కొల్లాపురం ప్రభువులది మాత్రం అదృష్టం, సురభివారు. సురభి అంటే కామధేనువు. నాటకాల సురభివాళ్ళు వీళ్ళ బంధువులనుకునేరు! కడప జిల్లాలో సురభి అనే ఊళ్ళో నాటకం మొదలుపెట్టిన ఆ కుటుంబం అసలు పేరు వనారస. అక్కడా ఊరే గెలిచింది.

మనిషి మరీ పెద్దవాడైతే కథ తిరగబడుతుంది. సొంత పేరు జారిపోయి ఇంటిపేరొక్కటే మిగులుతుంది. గోలకొండ పత్రిక నడిపి, తెలంగాణలో కవులే లేరన్నవాళ్ళకు 354 మంది కవులతో సంచిక వేసి చూపించిన ప్రతాపరెడ్డిగారు మాకు 'సురవరం'. జినుకుంటలో పుట్టిన లింగమూర్తిగారు 'కపిలవాయి'. అలంపురం రామకృష్ణశర్మగారు 'గడియారం'. ఈ గడియారంతో చిన్న చిక్కుంది. "గడియారం పదింటికి వస్తుందట" అని సాహిత్య సభ నిర్వాహకుడు ఫోన్‌లో చెబితే, అవతలివాడు మరమ్మతుకిచ్చారేమో అనుకోవచ్చు.

ఊరు పెట్టిన పేరును చెడగొట్టే హక్కు గుమాస్తాది. నిజాం జమానాలో రెవెన్యూ లెక్కలు ఉర్దూలో నడిచాయి. ఉర్దూ లిపిలో మన 'ళ' లేదు, 'ణ' లేదు. ఒ, ఓ, ఉ, ఊలకు చాలాసార్లు ఒక్క 'వావ్' అక్షరమే దిక్కు. గోళ్ళ, గొల్ల, గుళ్ళ అనే మూడిళ్ళవాళ్ళు వరసగా నిలబడి పేర్లు రాయించుకుంటే, కాగితం మీద ముగ్గురూ అన్నదమ్ములే. ఆ తర్వాత తెలుగులోకి, తెలుగు నుంచి ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు నుంచి కంప్యూటర్లోకి దిగుతూ వచ్చేసరికి, మా తాత పొలం ఒక ఆఫీసు లెక్కల్లో మేమెన్నడూ వినని ఇంటిపేరుగల పెద్దమనిషిదైంది. సవరించమని దరఖాస్తు పెట్టుకుంటే, "ఆయన వచ్చి సంతకం పెట్టాలె" అన్నారు. ఆయన పుట్టనే లేదు మరి.

గుమాస్తా వదిలినవాణ్ణి పాస్‌పోర్ట్ పట్టుకుంటుంది. తెలుగువాడికి ఇంటిపేరు ముందు, తెల్లవాడికి వెనక. పాస్‌పోర్టులో ఒక గడి ఖాళీగా వదిలి, పేరంతా రెండోదాంట్లో కుక్కినవాళ్ళకు అమెరికా వీసా మీద ముందుపేరుగా 'ఎఫ్.ఎన్.యు.' అని పడుతుంది. ముందుపేరు తెలియదు అని దాని భావం. అలా వెళ్ళిన మా ఊరి కుర్రాణ్ణి అక్కడ ఆఫీసులో "ఫ్నూ" అని పిలుస్తారు. వాడిప్పుడు ఊరికొస్తే మా పెదనాయన కూడా అదే పిలుపు. రచ్చకట్ట మీద పడ్డాక ఇక వాడి పిల్లలు, మనుమలు అందరూ ఫ్నూవోళ్ళే. కొత్త ఇంటిపేరు ఒకటి నా కళ్ళముందే పుట్టింది. ముల్లర్ కూడా ఇట్లాగే పుట్టి ఉంటాడు. ఇంటిపేరు ఇంట్లోవాళ్ళు పెట్టుకున్నదని ఎవరైనా వంశగౌరవంతో మీసం తిప్పితే, నాకు నవ్వొచ్చేది అందుకే. అది ఎప్పుడూ అరుగు మీద కూర్చున్న పరాయివాడు, పని లేనప్పుడు పెట్టిందే.

ఆఖరికి సర్కారు జిల్లాలకూ ఇంటిపేర్లు పెట్టింది. 2016 అక్టోబరు 11న పాలమూరును విడదీసినప్పుడు గద్వాలకు అలంపురం అమ్మవారి పేరు ముందు చేర్చి జోగులాంబ గద్వాల అన్నారు. బస్టాండులో కండక్టరు మాత్రం ఈనాటికీ "గద్వాల్, గద్వాల్" అనే అరుస్తాడు. అమ్మవారిని తల్చుకునేది టిక్కెట్టుకు చిల్లర ఇవ్వనివాణ్ణి చూసినప్పుడే. వనపర్తికి ముందూ వెనకా ఏమీ లేవు. పాస్‌పోర్ట్ కావాలంటే అది కూడా ఫ్నూనే. ఇక మూడోది, నాగర్‌కర్నూల్. దాని పేరులోని 'నాగర్' మాత్రం ఏ కండక్టరూ మింగడు. వట్టి కర్నూల్ అన్నాడంటే సంచులతో, పిల్లలతో ఎక్కిన ప్రయాణికుడు తుంగభద్ర దాటి పక్క రాష్ట్రంలో దిగుతాడు. ఇంటిపేరు వల్ల మనిషికి జరిగే నికరమైన మేలు ఇన్నేళ్ళలో నాకు కనబడింది అదొక్కటే.