చెమట మీది, పట్టా మాది

రండి బాబూ రండి! గూగుల్ గుత్తాధిపత్యాన్ని బద్దలు కొడదాం రండి! ఇది అందరి సెర్చ్ ఇంజిన్. కోడ్ అందరిదీ. డేటా అందరిదీ. నిర్ణయాలా? అవి మాత్రం మా బోర్డు మీటింగులో జరుగుతాయి. ఈలోగా మీరు కాస్త ఆ లింకులు సరిచూసి పెడుదురూ!

పాతికేళ్లుగా ఇదే దండోరా. మోగించే చేతులే మారతాయి.

ఓపెన్ డైరెక్టరీ ప్రాజెక్ట్ గుర్తుందా? డీమోజ్ అంటే కొందరికైనా తడుతుంది. 1998లో పుట్టింది. ఆ ఏడాదే నెట్‌స్కేప్ కొనేసింది. నెట్‌స్కేప్‌ను ఏఓఎల్ మింగేసింది. వెబ్‌సైట్లను చదివి, ఏరి, వర్గాలుగా పేర్చింది మాత్రం వాలంటీర్లు. మొత్తం మీద 90 వేలమందికి పైగా. పేర్చినవి 38 లక్షలకు పైగా సైట్లు. కూలి? సున్నా. పొగడ్తలు? బోలెడు. గూగుల్ కూడా 2000 నుంచి 2011 దాకా ఆ జాబితాతోనే తన డైరెక్టరీ నడిపింది.

2006 అక్టోబరులో సర్వర్ కుప్పకూలింది. ఎడిటర్లు మళ్లీ పనిలోకి దిగేసరికి డిసెంబరు. వేలమంది చేతులు కట్టుకుని కూర్చున్నారు. మరేం చేస్తారు? యంత్రం ఏఓఎల్‌ది. 2017 మార్చిలో అదే ఏఓఎల్ దుకాణం కట్టేసింది. ఎవరిని అడిగి? అడగడమెందుకండీ, ఆస్తి వాళ్లదైతే! జాబితాను భుజాన వేసుకుని బయటికొచ్చిన ఎడిటర్లు ‘కర్లీ’ అని కొత్త పేరు పెట్టుకున్నారు. దాదాపు ఇరవై ఏళ్లు చాకిరీ చేశాక తెలిసింది, పేరు కూడా తమది కాదని!

సరే, వికీపీడియా జిమ్మీ వేల్స్ అయినా దారి చూపిస్తాడనుకున్నాం. 2008 జనవరిలో వికియా సెర్చ్ వచ్చింది. పారదర్శకత, సముదాయం, నాణ్యత, గోప్యత అని నాలుగు సూత్రాలు. ఫలితాలకు మీరే నక్షత్రాలివ్వండి. మీరే చేర్చండి, మీరే తీసేయండి. వెబ్‌ను తవ్వడానికి మీ ఇంటి కంప్యూటర్ కూడా అరువివ్వండి. కరెంటు బిల్లు సంగతా? ఆ ఒక్కటీ అడక్కండి! వికీపీడియా లాభాపేక్ష లేని సంస్థది. వికియా మాత్రం నిఖార్సైన లాభాల కంపెనీ. 2009 మార్చిలో ఆర్థిక పరిస్థితి బాగాలేదంటూ మూసేస్తున్నట్టు ప్రకటించారు. నక్షత్రాలిచ్చినవాళ్లకు ఒక్క ఓటైనా ఉందా? హబ్బే!

ఇవన్నీ పాత కథలంటారా? ఎలాస్టిక్‌సెర్చ్ కథ వినండి. 2010లో వచ్చింది. అపాచీ లూసీన్ అనే ఊరుమ్మడి పునాది మీద కట్టిన మేడ. 2018 ఫిబ్రవరిలో దాని వెనకున్న ఎలాస్టిక్ కంపెనీ అధినేత భరోసా ఇచ్చాడు: అపాచీ లైసెన్స్ కింద ఉన్న కోడ్‌కు ఆ లైసెన్స్ మార్చలేదు, ఎన్నటికీ మార్చబోం. అక్టోబరులో కంపెనీ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీ ఎక్కింది. 2021 జనవరిలో లైసెన్స్ మారింది. ‘ఎన్నటికీ’ అంటే ఎన్నాళ్లనుకున్నారు? నిండా మూడేళ్లు కూడా కాదు. లెక్క రాసుకోండి! తమాషా ఏమిటంటే, నాడు బాస చేసిన వ్యాసానికీ, నేడు బాస తప్పిన వ్యాసానికీ శీర్షిక ఒకటే. రెండోదానికి ‘రెండో భాగం’ అని తగిలించారు. సిగ్గుకు సీక్వెలన్నమాట.

కారణమేం చెప్పారు? అమెజాన్ తమ కష్టాన్ని అప్పనంగా అమ్ముకుంటోందట. నిజమే, అమెజానేం ధర్మరాజు కాదు. కానీ బయటినుంచి ఊరికే కోడ్ రాసిచ్చినవాళ్ల కష్టం మాటేమిటి? వాళ్ల ముందు ఒప్పందం పెట్టి సంతకం పెట్టించుకున్నదెవరు? అంతలో అమెజాన్ ఆ పాత కోడ్‌నే తీసుకుని, స్వేచ్ఛా పతాక పట్టుకుని ‘ఓపెన్‌సెర్చ్’ అంటూ ఊరేగింపు తీసింది. దాన్ని లైనక్స్ ఫౌండేషన్ చేతిలో పెట్టడానికి మళ్లీ 2024 సెప్టెంబరు దాకా ఆగింది. దానికి కొద్ది రోజుల ముందే ఎలాస్టిక్ కూడా ఏజీపీఎల్ లైసెన్స్ చేర్చి, మేం మళ్లీ ఓపెన్ సోర్సే అని చాటుకుంది. ఓపెన్ కావడం, మూసుకోవడం, మళ్లీ ఓపెన్ కావడం. ఇది సెర్చ్ ఇంజినా, రైల్వే గేటా?

మనమేం తక్కువ తిన్నామా? ఒప్పందం చదువుతామా? సర్రున కిందికి జరిపి ‘అంగీకరిస్తున్నాను’ నొక్కేస్తాం. రెజ్యూమెలో ఒక లైను పెరిగితే చాలు, జన్మ ధన్యం. లోపాలు మనం వెతకాలి, అనువాదాలు మనం చేయాలి, కొత్తవాళ్ల సందేహాలు మనం తీర్చాలి. షేర్లు పంచేరోజు మాత్రం మన పేరు ‘సముదాయం’. సముదాయానికి బ్యాంకు ఖాతా ఉండదు కదా!

ఇకనైనా, పని ముట్టుకునే ముందు నాలుగు మాటలు అడగండి. సర్వర్ తాళాలు ఎవరి జేబులో ఉన్నాయి? పేరు ఎవరి పేరున రిజిస్టరైంది? లైసెన్స్ మార్చే కలం ఎవరి చేతిలో ఉంది? మూసేసే రోజున మా ఓటు ఎన్నోది? జవాబు కాగితం మీద రావాలి. ‘మనమంతా ఒకే కుటుంబం’ అని వచ్చిందా, జీతమెంతో అడగండి. కుటుంబంలో మీ వరస ఏమిటో వెంటనే తెలిసిపోతుంది.