వేపపుల్ల విజయము: గోదావరిఖని ఖండము

కావ్యమన్నాక ముందు పురవర్ణన ఉండాలి. గోదావరిఖనిని వర్ణించమంటారేమో, ఆ భారం మాకొద్దు. పక్కనున్న ఎన్టీపీసీ పొగగొట్టాలు తమ ప్రతాపంతో ఆ పని రాత్రింబగళ్లు చేస్తూనే ఉన్నాయి. మేము వర్ణించబూనిన నగరం జనసమృద్ధిలో రామగుండాన్ని తలదన్నేది. యైటింక్లయిన్ కాలనీలో కాపురముంటూ, బొగ్గుబాయిలో పైకప్పుకు ఊతం పెట్టే ఒకానొక టింబర్‌మన్ గారి కింది దవడలో, ఎడమవైపు, చివరినుంచి రెండో పంటి వెనకాల అది వెలసి ఉంది.

ఆహా, ఏమా నగర నిర్మాణ వైభవం! పన్ను ఎంత తళతళలాడేట్టు తోమినా, నిమిషాల్లో ఉమ్మిలోని మాంసకృత్తులు దానిమీద పలుచని తివాచీ పరుస్తాయి. ఆ తివాచీ మీదికి మొదట విచ్చేసేది స్ట్రెప్టోకాకస్ వంశంవారి తొలి దండు, గొలుసులు గొలుసులుగా, ఒకరి నడుము ఒకరు పట్టుకొని. వారి వెనుక దుర్గనిర్మాణ ధురంధరుడు వేంచేస్తాడు. 1924లో బ్రిటన్‌కు చెందిన క్లార్క్ లోకానికి ఎరుకపరచిన స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ ఆయనే. చక్కెర ఆయనకు నైవేద్యం. ఆరగించినదాంట్లో కొంత ఆమ్లంగా మార్చి, మన ఒంట్లోకెల్లా గట్టిదని పేరుపడ్డ పంటి పింగాణీనే కరిగిస్తాడు. ఇంకొంత గ్లూకాన్ అనే జిగురుగా సాగదీసి ప్రాకారం కడతాడు. ప్రాకారం లోపల నీళ్లు పారే కాలువలు, అంతస్తులు, గాలి తగలని నేలమాళిగలు. పౌరులు రసాయనాల చీటీలు పంపుకుంటారు: "మన జనం ఎందరయ్యారు? పని మొదలుపెడదామా?" శాస్త్రజ్ఞులు దీనికి బయోఫిల్మ్ అని పేరు పెట్టారు. ఒంటరిగా ఈదులాడే బాక్టీరియాను మట్టుబెట్టే మందు, వెయ్యి రెట్ల మోతాదులో పోసినా ఈ కోటలోనివాళ్లు ఒక్కోసారి తొణకరు.

1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ పట్టాడని సింగరేణిలో పిల్లలకూ తెలుసు. అంతకు దాదాపు రెండు శతాబ్దాల ముందే, హాలండ్‌లోని డెల్ఫ్ట్ ఊళ్లో లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి సొంత నోట్లోనే గని తవ్వాడు. పళ్ల సందున తెల్లగా పేరుకున్నదాన్ని గీకి, తాను నూరుకున్న భూతద్దం కింద పెట్టి చూస్తే ఈదేవి, గిరగిర తిరిగేవి, బాణంలా దూసుకుపోయేవి కనిపించాయి. 1683లో లండన్ రాయల్ సొసైటీకి జాబు రాశాడు. ఆయన రోజూ ఉప్పుతో పళ్లు తోముకునే నియమస్థుడే సుమా! తర్వాత వెనిగర్‌తో పుక్కిలించి చూశాడు. పైనున్నవే చచ్చాయి, లోపలివి హాయిగా ఉన్నాయి. గీకి తీసిన ముద్దను వెనిగర్‌లో కలిపేస్తే మాత్రం అన్నీ చచ్చాయి. అంటే కోట గోడే అసలు బలమని అప్పుడే తేలిపోయింది. మనవాళ్లకు అది మళ్లీ తట్టడానికి మూడువందల ఏళ్లు పట్టింది.

మా టింబర్‌మన్ గారి నోట శత్రువుకు మిత్రబలం కూడా మెండు. బాయిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోకూడదు. మీథేన్‌కు నిప్పు తగిలితే కావ్యమూ ఉండదు, కవీ ఉండడు. అందుకని అక్కడి పొగాకు చాలావరకు దవడ కిందే కాలక్షేపం చేస్తుంది. పైకొచ్చాక చాయ్. చక్కెర ఎక్కువేసిన చాయ్.

ఇక నాయకుడి ప్రవేశం. క్వార్టర్ వెనుక, గోడమీదికి వాలిన వేపచెట్టు నుంచి, చిటికెనవేలంత లావు కొమ్మ ఒకటి ఫట్టున విరుగుతుంది. వంశగౌరవం తక్కువది కాదు. పళ్లు తోమే పుల్ల పన్నెండు వేళ్ల వెడల్పుల పొడవుండాలనీ, చేదు పుల్లల్లో వేప శ్రేష్ఠమనీ సుశ్రుతుడు ఏనాడో పట్టాభిషేకం చేశాడు. ఉత్తరేణి, కానుగ, తుమ్మ దాయాదులు, వారికీ రాజ్యార్హత ఉంది గానీ ఈ ఖండంలో పాత్ర లేదు.

ఆకులు దూసి, చివర బెరడును ముందుపళ్లతో ఒలిచి, దవడపంటి కింద పెట్టి నమలగా నమలగా, పుల్ల తల విచ్చుకొని కుంచె అవుతుంది. మొదటి రసం నాలుకను తాకగానే టింబర్‌మన్ గారి ఎడమ కన్ను దానంతటదే మూసుకుపోతుంది. కుంచె పైకి, కిందికి, పంటి వెనక్కి. చేదు ఉమ్మి గోడవారన మందారం మొదట్లో పడుతుంది. చివర్లో పుల్లను నిలువునా చీల్చి, ఆ బద్దను విల్లులా వంచి నాలుక మీది తెల్లదనాన్ని గీస్తే, వాకిట్లో కోళ్లు బెదిరిపోయే శబ్దమొకటి గొంతులోంచి లేస్తుంది. ఇంతటి యుద్ధభేరి ఏ పురాణంలోనూ వినం.

మరి శత్రువులెందరు చచ్చారు? ఇక్కడే కావ్యం తల దించుకోవాలి. 1996లో జర్నల్ ఆఫ్ డెంటల్ రీసెర్చ్‌లో వోలిన్‌స్కీ బృందం వేపపుల్ల సారంతో చేసిన ప్రయోగాలు ప్రకటించింది. మిల్లీలీటరుకు 320 మైక్రోగ్రాముల దాకా పోసినా నోటి స్ట్రెప్టోకాకస్‌ల పెరుగుదల ఆగలేదు. ఒక్క తలా తెగలేదు. అయితే అంతకంటే తక్కువ మోతాదుకే ఇంకో వింత జరిగింది. ఉమ్మి పూసిన పంటి ఖనిజానికి బాక్టీరియా అతుక్కోవడం బాగా తగ్గింది, కోటకు కావలసిన జిగురు తయారీ తగ్గింది, సైనికులు ఒకరికొకరు అంటుకొని ముద్దలు కట్టారు. ఇది గాజుపాత్రలోని ముచ్చట. నోట్లో ఉమ్మి ప్రవాహం, చాయ్, ఖైనీ వేరే లెక్క రాస్తాయి. పసుపు, లవంగం, త్రిఫల మీద వచ్చిన ప్రయోగశాల ఫలితాలనూ ఆ ఎరుకతోనే చదవాలి.

మా మట్టుకు ఈ వీరుడు ఇందువల్లే నచ్చాడు. చంపడు, కాలు నిలదొక్కుకోనివ్వడు. టీవీ ప్రకటనల్లో మాత్రం పచ్చటి ఆకొకటి మెరుపులా దిగి క్రిములను క్షణంలో భస్మం చేస్తుంది. అతిశయోక్తి అలంకారానికి మాలాంటి కవులు ఎందుకింక? పేస్టు డబ్బా మీద వేపాకు బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల వేప ఎంతుందో ఆ బొమ్మకే తెలియాలి. అలాగని పాతదంతా ఘనమేననలేం. కచ్చికలు, ఇటుకపొడి, కట్టెబొగ్గు వేసి బరబర రుద్దితే కోటతోపాటు కోట నిలిచిన కొండ కూడా అరుగుతుంది. పుల్లనైనా చిగురు చీరుకుపోయేట్టు రుద్దితే వీరత్వం కాదు, వెర్రి.

పైగా నాయకుడికీ గాయాలున్నాయి. 2021 వానాకాలం తర్వాత తెలంగాణ అంతటా వేపచెట్ల కొమ్మలు కొసలనుంచి మాడుతూ వచ్చాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం పని అని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పారు. నోళ్లకు వైద్యం చేసే చెట్టుకే వైద్యం కావలసి వచ్చింది. చాలా చెట్లు మళ్లీ చిగిర్చాయి. ఈ క్వార్టర్ వెనుకదీ ఆ పుణ్యానే పుల్లలిస్తోంది.

ఆ పొద్దు యుద్ధం ముగిసే వేళకు, డిగ్రీ చదివే కూతురు బకెట్ పట్టుకొని వచ్చి అంది:

"బాపూ, ఆ పుల్ల క్రిముల్ని సంపదట. అతుక్కోకుంట జేస్తదట, అంతే."

"అంతే అంటవేందె బిడ్డా! రూఫ్ వడ్డంక సపోర్టు వెడ్తె ఏం ఫాయిద? నా నౌకరంత గదేనాయె."

"మరి ఆ ఎనుక పంటికి ఎప్పుడో గార వట్టింది గద. అది పుల్లకు లొంగదు."

నిజమే. తోమకుండా వదిలేసిన మూలల్లో, ఉమ్మిలోని కాల్షియం, ఫాస్ఫేట్‌లు కొద్దిరోజులకే ఆ జిగురు గోడను రాయి చేసేస్తాయి. అక్కడ వేప ఓడిపోతుంది, ఉప్పు ఓడిపోతుంది, సుశ్రుతుడి పన్నెండు వేళ్లూ ఓడిపోతాయి. దంతవైద్యుడి చేతిలో సన్నగా గీపెట్టే స్కేలింగ్ యంత్రానికి తప్ప ఆ గోడ కూలదు.

"డాక్టర్ దగ్గర గీకిపిచ్చుకో బాపూ. ఒక్క పూట పని."

టింబర్‌మన్ గారు పుల్ల బద్దలను మందారం మొదట్లోకి విసిరి, టవల్ భుజానేసుకున్నారు.

"దసరాకు లాభాల వాటా వడనియ్యి, జూద్దాం."

"పోయిన దసరాకు గూడ గిదే జెప్పినవ్."