కోత పార్కుకి, పూత బోర్డుకి

మున్సిపల్ బడ్జెట్‌లో డబ్బు చాలనప్పుడల్లా కత్తెర ముందు పార్కు మీదే పడుతుంది. ఫ్లైఓవర్ మీద పడదు; దానికి శిలాఫలకం ఉంటుంది, వేపచెట్టుకు ఉండదు కదా! మాలీని మాన్పిస్తారు. మోటారు కాలితే వదిలేస్తారు. గడ్డి మొత్తం ఎండాక "ఇక్కడికి ఎవరొస్తున్నారు?" అని అడిగి, షాపింగ్ కాంప్లెక్సు ప్లాను పట్టుకొస్తారు. బెంగళూరులో పార్కు జాగాను ప్రైవేటు ఆస్పత్రికి కట్టబెడితే, 1991లో సుప్రీంకోర్టు చెల్లదంది. కోర్టు జాగాను కాపాడగలదు గానీ, మొక్కకు నీళ్లు పోయగలదా? మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలని కేంద్రం మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ వాటా ఎక్కడుందో ఈసారి ఓటడగడానికి వచ్చే కార్పొరేటర్‌నే చూపించమనండి. కొలత టేపు మాత్రం మీరే సిద్ధంగా ఉంచుకోండి.