విజిటరు వీసా సంస్కర్త

అమలాపురం గడియారస్తంభం నుంచి రాజోలు దాకా ఏ కాఫీ హోటలు దగ్గర ఆగినా ఈ పెద్దాయన ఒకరు తగులుతారు. కొబ్బరితోట ఇక్కడ, కొడుకు డాలస్‌లో. ఆర్నెల్లు విజిటరు వీసా మీద వెళ్ళి, కాళ్ళకి తెల్లబూట్లతో, నోటినిండా సమానత్వంతో తిరిగొస్తారు.

“ఎయిర్‌పోర్టులో అంతమంది తెల్లోళ్ళని వదిలేసి నన్నే పక్కకి లాగాడండి. ఎందుకంటారు? రంగండీ, రంగు!”

“ఆయ్” అంటారు బల్లల మీది వాళ్ళు. సంచీలో మూడు సీసాల ఆవకాయ ఉందన్న సంగతి మాత్రం వాళ్ళావిడ చెబితేనే తెలుస్తుంది.

అలాగని అక్కడ వివక్ష లేదనడానికి లేదు. భారతీయులు తెల్లవాళ్ళు కారు, పౌరసత్వం కుదరదని అమెరికా సుప్రీంకోర్టు 1923లోనే తేల్చేసింది. ఆ కేసులో భగత్‌సింగ్ థింద్ వాదన చిత్రమైంది: నేను పైకులపు ఆర్యుణ్ణి, కాబట్టి తెల్లవాణ్ణే అన్నాడాయన. కోర్టు ఒప్పుకోలేదు. మన పెద్దాయన ఆ బెంచీ మీద ఉంటే తీర్పు ఇంకోలా వచ్చేది.

నల్లవాళ్ళు దశాబ్దాలు కొట్లాడి 1964లో పౌరహక్కుల చట్టం తెచ్చుకున్నారు. ఆ ఊపులోనే 1965లో వలస చట్టం మారి, మనవాళ్ళకి తలుపు తెరుచుకుంది. ఆ తలుపులోంచే వెళ్ళిన కొడుకు ఇల్లు కొంటానంటే పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న: “ఆ పక్క పేటలో ఎవరుంటార్రా?” వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ విగ్రహం దగ్గర దిగిన ఫొటోయే ఆయన వాట్సాప్ బొమ్మ. విగ్రహంగా ఉన్నంతకాలం కింగ్ మీద ఆయనకి ఎంతో గౌరవం.

కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాకి 2022 మేలో అంబేడ్కర్ పేరు చేరుస్తామన్నారు. ఆ పేరు వద్దంటూ 24వ తేదీన అమలాపురంలో మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. తర్వాత కొన్నాళ్ళు ఇంటర్నెట్టు ఆపేశారు. ఆ రోజుల గురించి పెద్దాయనకి ఇప్పటికీ బాధే: అబ్బాయికి వీడియోకాల్ కలవలేదు. జిల్లాకి ఆ పేరు ఖాయమైంది గానీ, ఆయన అడ్రసు రాస్తే కవరు మీద జిల్లా పేరులో ముందు భాగానికి ఎప్పుడూ చోటు చాలదు.

కులం పట్టింపు అంటారా, ఆయనకి బొత్తిగా లేదు. ఆయనే చెబుతారు. వెనకటిలా రెండు రకాల గ్లాసులు పెట్టడం తప్పేనంటారు. ఇప్పుడు తోటలో పనివాళ్ళకి కాగితం కప్పులు, ఆయనకి స్టీలు గ్లాసు.

ఆయన్ని నిజంగా కుంగదీసింది గ్రీన్‌కార్డు. ఉద్యోగాల మీద ఇచ్చే కార్డుల్లో ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకైనా ఏడాదికి 7 శాతమే మామూలు వాటా. మనవాళ్ళ లైను చాంతాడంత. మొన్న దింపు తీసి చెట్టు దిగిన మనిషిని ఆపి మరీ చెప్పుకున్నారు.

“ఎంత చదివితే ఏం లాభంరా? ఎక్కడ పుట్టాడో చూసి లైన్లో వెనక్కి నెడతారు. పుట్టుక మనిషి చేతిలో ఉంటుందిట్రా? ఇది న్యాయమా?”

“కాదండి బాబుగారూ. ఎన్నాళ్ళుండాలండి ఆ లైన్లో?”

“ఇరవయ్యేళ్ళు పట్టినా పట్టొచ్చు!”

అతను నడుం తాడు విప్పుకుంటూ కాసేపు లెక్కేసుకున్నాడు.

“ఇరవయ్యేళ్ళేనాండి?”

“అదేం తక్కువట్రా?” అన్నారు పెద్దాయన, చాలా నొచ్చుకుని.